పూత తీసినవారెవరు?

1897 ఆగస్టు. సికిందరాబాద్ దగ్గర బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు దోమల్ని కోసి కోసి విసిగిపోయి ఉన్నాడు. గోడ మీద తోక పైకెత్తి వాలిన వేరే రకం దోమని ఆసుపత్రి అసిస్టెంటు ఒకాయన చూపించాడు. ఆగస్టు 20న అలాంటి రకం దోమ కడుపులోనే మలేరియా క్రిమి జాడ దొరికింది. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. దోమలచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్ పేరు పుస్తకాలకెక్కింది. ఆ అసిస్టెంటు పేరు మాత్రం మర్చిపోయానని రాస్ స్వయంగా 1923 నాటి తన ఆత్మకథలో విచారపడ్డాడు.

ల్యాబు పనివాళ్ల చరిత్రంతా ఇంచుమించు ఇదే. నూజివీడు పక్క పల్లెల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, నాకు తెలిసిన సంగతి చెబుతాను.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. జ్వరమొస్తే రక్తపూత తీయడం అలా ఊళ్లకి అలవాటైంది. ఒకే స్లయిడు మీద ఓ మందపు పూత, ఓ పలుచని పూత. నంబరు పలుచని పూత మీదే పెన్సిల్‌తో రాస్తాం.

మామిడి కోతలప్పుడు కూలీల వేళ్లకి సొన నల్లగా పట్టి ఉండేది. స్పిరిట్ దూదితో గట్టిగా తుడిస్తేగానీ సూది గుచ్చే వీలుండేది కాదు. రసాల రోజుల్లో ఈగలు మరీ ముసిరేవి. పచ్చి పూతని ఈగలూ చీమలూ తినేస్తాయి గనక అట్టపెట్టె మూసి ఆరబెట్టేదాన్ని. ఆ తర్వాత జె.ఎస్.బి. రంగు. మన దేశంలోనే జస్వంత్ సింగ్, భట్టాచార్జీ తయారుచేసిన రంగు అది. క్రిమి కనబడితే నిమిషంలో తేలిపోతుంది. ‘లేదు’ అని రాయాలంటే మాత్రం మందపు పూతని మైక్రోస్కోపు కింద జరుపుతూ వంద ఫీల్డులైనా చూసి తీరాలి.

ల్యాబులో ఎవరి పని ఎంతవరకన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. అమెరికాలో 1969లోనే డ్యూక్ విశ్వవిద్యాలయం పెథాలజిస్టులకి సహాయకుల్ని తయారుచేసే చదువు పెట్టింది. ఆపరేషన్లో తీసిన ముక్కని కొలిచి, కోసి, స్లయిడుకి ఏ భాగం పంపాలో అక్కడ ఆ సహాయకులే చూస్తారు. జబ్బు పేరు తేల్చేది డాక్టరు. మన దగ్గర ఆ కోత పని డాక్టర్లదే. రిపోర్టు మీద పెథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం పెట్టాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది న్యాయమే, జబ్బు తేల్చే బాధ్యత వాళ్లది.

మరి పూత బాధ్యత ఎవరిది? 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ల్యాబు పనిని తన జాబితాలో మొదటి వరసలో పెట్టింది, మాలాంటివాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కాలంది. నేనడిగేది ఇంకొక్క మెట్టు. డాక్టరు సంతకం పక్కన పూత తీసినవారి పేరూ రిజిస్టరు నంబరూ అచ్చవ్వాలి. ఇది సన్మానం కోసం కాదు. పూత చెడితే ఎవర్ని నిలదీయాలో రోగికి తెలియాలి. నిలదీస్తారని తెలిస్తే నూరో ఫీల్డు కూడా ఎవరూ ఎగ్గొట్టరు.