గర్భిణి స్త్రీలు – రక్తహీనత: చరిత్ర నేర్పు పాఠము

శతవార్షికోత్సవ సంచికలో బిషప్పులను గూర్చి, గుడులను బడులను గూర్చి వ్రాయువారు అనేకులున్నారు. అది తగిన పనియే. మేము మాత్రము ఈ నూరేండ్లలో కాన్పు సమయమున కన్నుమూసిన తల్లులను మనస్సులో ఉంచుకొని, వారిని బలిగొన్న కారణములలో ఒకదాని చరిత్రను సంఘము ముందు ఉంచదలచినాము. ఆ కారణము రక్తహీనత.

బేతేలు నుండి ఎఫ్రాతాకు పోవు మార్గములో రాహేలు ప్రసవవేదనతో ప్రాణము విడిచిన సంగతి మనమందరము చిన్ననాటి నుండి చదువుచున్నదే. అట్టి మరణము మన ఇండ్లలో సంభవించినప్పుడు “ఆమె ఆయుస్సు అంతే” అనుట వాడుక. ఆ మాట దుఃఖమును ఓర్చుకొనుటకు తోడ్పడవచ్చును గాని, మరియొక తల్లిని కాపాడదు. ఎందుకు చనిపోయినదని అడిగినవారే కాపాడుటకు దారి చూపినారు.

అట్లు అడిగినవారిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ఒకరు. ఆమె 1888లో జన్మించినారు. మన దేశములో తల్లుల మరణములకు కారణములు తెలిసికొనుటకు జరిగిన విచారణలో పనిచేయుటకై 1928లో బొంబాయి వచ్చి, హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన ప్రారంభించినారు. నెలలు నిండుచున్న గర్భిణులలో ఒక తీవ్రమైన రక్తహీనత కనబడుచుండెను. వారి రక్తములోని ఎర్ర కణములు ఉండవలసిన దానికంటె పెద్దవిగా, సంఖ్యలో మిక్కిలి తక్కువగా ఉండెను. అనేకులు దానితోనే మరణించుచుండిరి. క్రిములు కారణమేమోనని ఆమె వెదకినారు. పిమ్మట ఆ స్త్రీలు ఏమి తినుచున్నారో విచారించినారు. ఈ జబ్బు బీద కుటుంబములలో ఎక్కువ. వారి భోజనములో మాంసకృత్తులు, పండ్లు, కూరగాయలు బహు తక్కువ. రహస్యము అక్కడ దొరికినది.

ఆమె కూనూరులోను, 1931లో మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోను కూడ పనిచేసినారు. రొట్టెను పొంగించెడి ఈస్టు నుండి తీసిన ‘మార్మైట్’ అను చౌకయైన సారమును ఈ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తము వృద్ధియైనది. ఈ సంగతిని 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినారు. ఆ సారములో మేలు చేయుచున్నది ఏమిటో అప్పటికి ఎవరికిని తెలియదు. అందుచేత దానిని ‘విల్స్ పదార్థము’ అని పిలిచిరి.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూర నుండి ఒక పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిన్ మాటను బట్టి దానికి ‘ఫోలిక్ ఆమ్లము’ అని పేరు పెట్టిరి. విల్స్ పదార్థము అదియేనని తరువాత తేలినది. దానిని కృత్రిమముగా తయారుచేయు పనికి నాయకత్వము వహించినవారు మన తెలుగువారే. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో పనిచేయుచుండగా, వారి బృందము 1945లో ఈ కార్యము సాధించినది. యౌవనములో స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి వలన ఆయన సోదరుని పోగొట్టుకొన్నారు. ఆ వ్యాధికిని ఇదే మందు పనిచేసినది. ఆయన 1948లో మరణించినారు.

తల్లికి ఉన్న ప్రమాదము కాన్పుగదిలో పుట్టదు, అంతకు చాల ముందే ఆమె కంచములో మొదలగును అనునది ఈ చరిత్ర మనకు నేర్పు పాఠము. ఆరోగ్యవంతురాలు తట్టుకొనగల రక్తస్రావమును రక్తహీనురాలు తట్టుకొనలేదు. ఆమె బిడ్డ నెలలు నిండకయే, లేక బరువు తక్కువగా పుట్టు అవకాశము ఎక్కువ. మన స్త్రీలలో ఈ లోపము తరచుగా ఇనుము చాలకపోవుట వలన కలుగుచున్నది. అందుచేతనే భారత ప్రభుత్వము 1970లో ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలను పంచు కార్యక్రమమును ప్రారంభించినది.

1991లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ మరియొక సంగతి ప్రకటించినది. వెన్నుపాము లోపముగల బిడ్డను అంతకుముందు కన్న తల్లులు, గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, ఆ లోపము మరల కలుగుట 72 శాతము తగ్గినది. బిడ్డ మెదడును వెన్నుపామును ఏర్పరచు నాళము మొదటి నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి అనేకమంది తల్లులకు తాము గర్భవతులమని కూడ తెలియదు.

మందు తెలిసి తొంబది యేండ్లు దాటినను, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశములోని గర్భిణులలో 52.2 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కారణములు మన ఇండ్లలోనే ఉన్నవి. అందరు తిన్న తరువాత మిగిలినది ఇల్లాలు తినును. ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని అత్తగారు వారించును. వికారము కలుగుచున్నదని మాత్రలు అటకపై పడియుండును. ఒక కాన్పు అలసట తీరకముందే మరియొక కాన్పు వచ్చును.

కాబట్టి సంఘ పెద్దలకును, స్త్రీల సమాజమునకును మా మనవి ఇది. పెండ్లి ప్రకటనలు మూడు ఆదివారములు చదువుచున్నాము. వధూవరులు మన యొద్దకు సలహాకు వచ్చు ఆ దినములే ఈ మాట చెప్పుటకు తగిన సమయము. పెండ్లికుమార్తె రక్తము పరీక్ష చేయించుకొని, వైద్యుని సలహాపై ఫోలిక్ ఆమ్లము అప్పుడే ప్రారంభింపవలెను. తోటకూర, మునగాకు, పెసలు, శనగలు ఇంట వండుకొనవలెను. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోయరాదు. ఈ సంగతి పెండ్లికుమారునికిని, అత్తగారికిని కూడ చెప్పవలెను. ఇంట ఎవరు ముందు తినవలెనో నిర్ణయించునది వారే గదా.