కారు రిమోట్ తాళంచెవి బ్యాటరీ మార్పిడి

కారు రిమోట్ తాళంచెవి అనగా కారు తలుపులను కొంత దూరం నుండి తెరుచుటకు, మూయుటకు ఉపయోగించే చిన్న రేడియో పరికరం. దీనిని వాడుకలో రిమోట్ లేదా రిమోట్ కీ అంటారు. దీనికి కావలసిన విద్యుత్తును నాణెం ఆకారంలో ఉండే లిథియం బ్యాటరీ (బిళ్ళ బ్యాటరీ) అందిస్తుంది. వాడకాన్ని బట్టి సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి దీనిని మార్చవలసి ఉంటుంది. ఈ పనిని ఇంటివద్ద కొద్ది నిమిషాలలో చేసుకొనవచ్చును. అయితే బయటకు తీసిన పాత బ్యాటరీ చిన్నపిల్లలకు ప్రాణాంతకం కాగలదు.

చరిత్ర

1982లో ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ తన ఫ్యూగో కారులో దూరం నుండి తలుపులు తెరిచే పరికరాన్ని ప్రవేశపెట్టినది. దీనిని రూపొందించినవాడు పాల్ లిప్‌షుట్జ్. ఇది పరారుణ కిరణాలతో పనిచేసేది. తరువాత రేడియో తరంగాలు వాడుకలోకి వచ్చాయి. ఒకే సంకేతాన్ని ప్రతిసారీ పంపితే దొంగలు దానిని పట్టుకొని తిరిగి ప్రయోగించే వీలున్నది. అందువలన నొక్కిన ప్రతిసారీ మారే సంకేతాలు వచ్చాయి. వీటిలో ప్రసిద్ధి చెందిన కీలాక్ పద్ధతి 1980 దశకంలో దక్షిణాఫ్రికాలో రూపొందినది. 1990 దశకం చివర, జేబులో ఉండగానే కారు గుర్తించే స్మార్ట్ తాళంచెవులు వచ్చాయి. 2019లో ఉత్పత్తి ప్రారంభించిన పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారపు కార్లలో కూడా పై శ్రేణి నమూనాలకు ఇటువంటివి ఉన్నాయి.

పనిచేసే విధానం

మీట నొక్కగానే తాళంచెవి ఒక రహస్య సంకేతాన్ని పంపుతుంది. భారతదేశంలోని అనేక కార్లలో ఇది 433.92 మెగాహెర్ట్జ్ వద్ద ఉంటుంది. ఇంజను దొంగతనంగా నడవకుండా కాపాడే ఇమ్మొబిలైజర్ చిప్ మాత్రం వేరు. అది కారు నుండి వచ్చే తరంగాల శక్తితోనే పనిచేస్తుంది కాబట్టి దానికి బ్యాటరీ అవసరం లేదు. ఈ కారణం చేతనే బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పటికీ, రిమోట్‌లో దాగి ఉన్న లోహపు తాళంతో తలుపు తెరిచి, స్టార్ట్ మీటకు రిమోట్‌ను ఆనించి చాలా కార్లను నడపవచ్చును. ఆనించవలసిన స్థానం కొన్ని కార్లలో వేరుగా ఉంటుంది. అది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బ్యాటరీ రకాలు

బ్యాటరీపై ఉండే సంఖ్యలోనే దాని కొలతలు ఉంటాయి. సీఆర్2032లో 'సీ' లిథియం-మాంగనీస్ డయాక్సైడ్ రకాన్ని, 'ఆర్' గుండ్రని ఆకారాన్ని, 20 మిల్లీమీటర్లలో వ్యాసాన్ని, 32 మిల్లీమీటరులో పదవ వంతులలో మందాన్ని (3.2 మి.మీ.) సూచిస్తాయి. సీఆర్2025 మందం 2.5 మి.మీ., సీఆర్2016 మందం 1.6 మి.మీ. అన్నిటి వోల్టేజి 3 వోల్టులే.

రెండు సీఆర్2016 బ్యాటరీలను ఒకదానిపై ఒకటి పెడితే సీఆర్2032 మందం వస్తుంది, కాని వోల్టేజి 6కు పెరిగి పరికరం పాడు కావచ్చును. తిరిగి ఛార్జి చేయగల ఎల్‌ఐఆర్2032 వోల్టేజి కూడా ఎక్కువే, కావున దానిని వాడరాదు.

మార్చు విధానం

# పాత బ్యాటరీపై లేదా కారు పుస్తకంలో ఉన్న సంఖ్యను చూసి, అదే సంఖ్య గలదానిని కొనవలెను.
# లోహపు తాళాన్ని బయటకు తీయవలెను. చాలా వాటిలో అంచున ఉన్న సన్నని గాడిలో చదునైన స్క్రూడ్రైవరును గుడ్డ చుట్టి పెట్టి, మెల్లగా తిప్పితే మూత ఊడుతుంది. కొన్నింటిలో చిన్న మర ఉంటుంది.
# ప్లస్ గుర్తు పైకి ఉన్నదా, కిందికి ఉన్నదా గమనించవలెను. తప్పులలో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి.
# ప్లాస్టిక్ పనిముట్టుతో బ్యాటరీని తీయవలెను. లోహపు పనిముట్టు రెండు ధ్రువాలను కలిపితే బ్యాటరీ వృథా అవుతుంది.
# కొత్తదానిని అంచులతో పట్టుకొని అదే వైపుగా అమర్చి, మూత బిగించి, కారు దగ్గర పరీక్షించవలెను.

పనిచేయకపోతే మొదట బ్యాటరీ దిశను, స్పర్శ రేకులను చూడవలెను. పిల్లలు మింగకుండా కొన్ని బ్యాటరీలపై పూసే చేదు పూత కొన్ని పరికరాలలో విద్యుత్తుకు అడ్డు పడుతుంది.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదుకు ఉత్తరాన గల గుండ్లపోచంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల ఇంకా ఎక్కువ. అధిక వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది కావున రిమోట్‌ను కారులో వదలరాదు. ఈ బ్యాటరీలు గడియారాల దుకాణాలలోను, విద్యుత్ సామాగ్రి దుకాణాలలోను, ఎలక్ట్రానిక్ సామాగ్రికి పేరొందిన హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలోను లభిస్తాయి.

ప్రమాదాలు

20 మి.మీ. బ్యాటరీ చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కొనగలదు. అక్కడి తేమ ద్వారా విద్యుత్తు ప్రవహించి, రుణ ధ్రువం వద్ద గాఢమైన క్షారం ఏర్పడి, రెండు గంటలలోనే కణజాలాన్ని కాల్చివేస్తుంది. రిమోట్‌ను నడపలేని పాత బ్యాటరీలో కూడా ఇందుకు సరిపడు శక్తి మిగిలి ఉంటుంది. 2020లో రిమోట్ బ్యాటరీని మింగి మరణించిన రీస్ అనే పసిబిడ్డ పేరుమీద అమెరికా 2022లో ఒక చట్టం చేసినది.

బిడ్డ మింగినట్లు అనుమానం కలిగినా వెంటనే 108కి ఫోన్ చేయవలెను లేదా ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. వాంతి చేయించరాదు, ఆహారం పెట్టరాదు. ఏడాది దాటిన బిడ్డకు, మింగి 12 గంటలు కాకుంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చునని అమెరికాలోని విష నివారణ కేంద్రం సూచిస్తున్నది. అయితే తేనె కోసం ప్రయాణం ఆలస్యం చేయరాదు. 108 సేవ 2005 ఆగష్టు 15న ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రారంభమైనది. దానిని ప్రారంభించిన ఈఎంఆర్‌ఐ సంస్థ మేడ్చల్ రహదారిలో, దేవరయాంజాల్‌లో నెలకొన్నది.

పాత బ్యాటరీల పారవేత

భారత ప్రభుత్వం 2022 ఆగష్టులో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చిన్న బ్యాటరీలకు కూడా వర్తిస్తాయి. వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదే. పాత బ్యాటరీకి రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట ఉంచి, సేకరణ కేంద్రంలో ఇవ్వవలెను. చెత్తలో వేయరాదు, కాల్చరాదు.

ఇవి కూడా చూడండి

* లిథియం
* విద్యుత్ ఘటం
* రేడియో తరంగాలు
* ప్రథమ చికిత్స