ఉయ్యాల తాడు

అట్లతద్దినాడు మా యూరి చెఱువుగట్టున నున్న చింతచెట్టునకు మోకుటుయ్యాల వేయుట మా చిన్ననాటి యాచారము. ఆశ్వయుజ బహుళ తదియనాడు ఆడుపిల్లలు చుక్కలుండగనే లేచి, చద్దియన్నము తిని, పరుగున పోయి ఉయ్యాల లూగెడివారు. ఒక యేడు ఆ మోకు తెగినది. నాకంటె రెండేండ్లు చిన్నదగు మా పినతల్లి కూతురు క్రిందపడి చేయి విఱుగగొట్టుకొన్నది. పెద్దలు తాడు నమ్మినవానిని తిట్టిరి. నేను చూచితిని, తాడు క్రొత్తదే. కొమ్మపై నొరసికొను తావున మాత్రము పీచు పీచుగా నరిగిపోయి యుండెను. ఉయ్యాలల చరిత్రమును నేను వెదకుటకు మొదలదియే.

ఉయ్యాల మన దేశపు సొత్తు మాత్రమే కాదు. క్రీటు దీవిలో హాగియా ట్రియాడా యనుచోట రెండు స్తంభముల నడుమ ఉయ్యాలపై గూర్చున్న చిన్న మట్టిబొమ్మ త్రవ్వకములలో దొరకినది. అది మూడువేల యేండ్లకు పైబడినది. ఏథెన్సు నగరమున ఐయోరా యను ఉయ్యాల పండుగ యుండెడిది. తండ్రి మరణమునకు కుమిలి చెట్టుకొమ్మకు ప్రాణము విడిచిన ఎరిగొనీ యను కన్యకథ దానికి మూలమట. వేడుక వెనుక దుఃఖమును దాచిన పండుగ!

మన దేవాలయములలో స్వామివారికి డోలోత్సవము సలుపుదురు గదా. అచ్చట ఉయ్యాల జానెడు కదలిన చాలును. బాంకాకులో నట్లు కాదు. 1784లో మొదటి రాముడను రాజు అచ్చటి బ్రాహ్మణాలయము నెదుట సావో చింగ్ చా యను మహాడోలను నిలిపెను. టేకు స్తంభములకు ఎఱ్ఱరంగు పూసిరి. ఆ యాలయపు అర్చకుల పూర్వులు దక్షిణభారతమునుండి పోయినవారని చెప్పుదురు. వారి పండుగ పేరగు త్రియంపవాయి కూడ తమిళ స్తోత్రముల పేళ్లనుండి పుట్టినదే. ఆనాడు యువకులు ఆ మహాడోల నెక్కి మిన్నుముట్ట నూగి, ఎదుట వెదురుగడకు వ్రేలాడగట్టిన నాణెముల సంచిని పండ్లతో గఱచి పట్టవలెను. జనులు క్రింద నిలిచి కేకలు వేయుదురు. పలువురు పడి మరణింపగా 1935లో ఆ యూగుటను మాన్పించిరి. స్తంభములను మాత్రము విడువలేదు. అవి శిథిలము కాగా క్రొత్త టేకుమ్రాకులతో మరల నిర్మించి 2007లో ప్రతిష్ఠించిరి. నాకీ తీరు ఎంతయు నచ్చినది.

ఇక మన తాటి సంగతి. 30 కిలోల బిడ్డ ఉయ్యాలపై కదలక కూర్చున్నచో తాళ్లు మోయునది 30 కిలోలే. తాడు నిలువునుండి 60 డిగ్రీలు లేచునట్లు ఊగినచో, అడుగునకు దిగివచ్చు క్షణమున 60 కిలోల లాగు పడును. తాడు అడ్డముగా, అనగా 90 డిగ్రీలు, లేచినచో 90 కిలోలు! ఇద్దఱు పిల్లలెక్కినచో నీ లెక్క రెట్టింపు. ఒకటిన్నర మీటరు ఎత్తునుండి దిగు పీట అడుగున గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగముతో నుండును. ఊగు బిడ్డకే కాక దాని దారిలోనికి నడచివచ్చు చంటివానికిని అపాయమే.

ఇంగ్లండులో ఛార్లెస్ విక్‌స్టీడను ఇంజనీరు 1921లో కెటరింగు ఊర పిల్లలకై తోట తెఱిపించి, ఇనుపగొట్టములతో ఉయ్యాలలు చేయించెను. తాడు తెగుదల తప్పినది గాని, పలుచోట్ల బరువైన పీటయు క్రింది గట్టినేలయు మిగిలినవి. పీటకు రబ్బరును, నేలకు మెత్తదనమును వచ్చుటకు చాల కాలము పట్టెను. అమెరికాలో ప్రభుత్వ సంఘమొకటి 1981లో ఆటస్థలములకు సూచనలు ప్రకటించినది. దాని నేటి మాట యేమనగా: ఉయ్యాల కట్టిన దూలము ఎత్తునకు రెండింతలు ముందును, రెండింతలు వెనుకను ఖాళీ విడువవలెను. క్రింద ఇసుకయో చెక్కపొట్టో 9 అంగుళములకు తగ్గరాదు. ఇసుక త్రొక్కుడుపడి గట్టిపడును గనుక మాటిమాటికి గుల్లచేయవలెను.

మన యిండ్లలో మఱియొక ఉయ్యాల కలదు. అది దూలమునకు కట్టిన చీర. పసిబిడ్డ నిదురించు నంతసేపు అది అమ్మ యొడియే. నాలుగేండ్లు దాటిన పిల్లలు దానిలో దూరి గిరగిర తిరుగుదురు. మెలి పడిన చీర మెడకు బిగిసి కేకయు వెడలక ప్రాణములు పోయిన వార్తలు పత్రికలలో నేటికిని వచ్చుచున్నవి. బిడ్డను దించినతోడనే ఆ చీరను ముడి విప్పి మడిచిపెట్టుడని మా యింటివారికి నేను చెప్పుచుందును. విసుగుకొందురు, కాని విప్పుదురు.

చేయి విఱిగిన మా చెల్లెలికి ఇప్పుడు మనుమరాండ్రు. నిరుడు అట్లతద్దికి ఆమెయే దగ్గఱ నిలిచి కొమ్మకు గోనెపట్ట చుట్టించినది. క్రింద రెండు బండ్ల ఇసుక పోయించినది. పిల్లలు తొందరపెట్టుచున్నను వినక, తాను మోకును రెండు చేతుల బట్టి వ్రేలాడి చూచి, అటుపిమ్మట చిన్న మనుమరాలి నెక్కించినది.