తబియత్ అడిగారు సరే, జవాబు ఎవరు రాసుకున్నారు?

మన ఇళ్లలో పలకరింపు తబియత్‌తోనే మొదలవుతుంది. "తబియత్ కైసీ హై?" అంటాం. కాస్త తహజీబ్ ఎక్కువైన బుజుర్గులైతే "మిజాజ్ షరీఫ్?" అంటారు. యునానీ తిబ్బులో ఈ రెండూ వైద్య పదాలే. మిజాజ్ అంటే ఆ మనిషి ఒంటి తత్వం. తబియత్ అంటే రోగంతో పోరాడి ఒంటిని మళ్లీ దారిలో పెట్టే లోపలి శక్తి. హకీం ఇచ్చే దవా ఆ శక్తికి మదద్ చేస్తుందే తప్ప, దాని జాగా తీసుకోదని ఉసూల్. కాబట్టి మరీజ్‌ని "ఎలా ఉంది?" అని అడగడం ఇలాజ్‌లో ఒక భాగం. మరి వందల ఏళ్లుగా అడుగుతున్న ఈ సవాల్‌కి వచ్చిన జవాబులు ఏమయ్యాయి? నేను చూసిన మతబ్‌ల రిజిస్టర్లలో పేరు, వయసు, దవా, పైసలు ఉన్నాయి. జవాబుకి మాత్రం గడి లేదు.

మాది త్రిపురాంతకం వైపు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న ఊరు. 1970లో ఒంగోలు జిల్లా, అంటే ఇప్పటి ప్రకాశం, ఏర్పడేదాకా మా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఈ పాత హద్దులు ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో మనుషులకొచ్చే ఫ్లోరోసిస్‌ని గుర్తించి షార్ట్ అనే డాక్టరు, ఆయన సాథీలు 1937లో రాసింది ఆనాటి నెల్లూరు జిల్లా గురించే. ఆ నీళ్ల తక్లీఫ్ ఈ రోజుకీ పశ్చిమ ప్రకాశాన్ని వదల్లేదు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లే ఏళ్ల తరబడి తాగితే కీళ్ల దగ్గరి నరాల్లాంటి పట్టీలు గట్టిపడతాయి. వెన్ను బిగుసుకుంటుంది, మెడ తిరగదు, మోకాలు మడవదు. ఎక్స్‌రేలో అంతా కనబడుతుంది. ఒకసారి అలా గట్టిపడ్డాక దాన్ని వెనక్కి తిప్పే దవా డాక్టరు దగ్గరా లేదు, హకీం దగ్గరా లేదు. హిజామాతో ఎముకలు బాగవుతాయని చెప్పేవాళ్లని నమ్మకండి. అసలు ఇలాజ్ మంచినీళ్లు. అందుకే మావాళ్లంతా వెలిగొండ సొరంగాల వైపు చూస్తూ బతుకుతున్నారు.

రోగం పోదని తెలిసీ జనం రోగన్ కోసం, సూరంజాన్ గోలీల కోసం హకీంల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. ఎందుకు? ఆరామ్ కోసం. రాత్రి నిద్ర పట్టాలి, పొద్దున మంచం దిగగలగాలి. నమాజ్‌లో సజ్దా చేయగలగాలి. మా మసీదులో కుర్చీల సఫ్ ఏటా పొడుగవుతోంది. కూర్చుని చదువుకోవడానికి షరియత్ రుఖ్సత్ ఇచ్చింది, నిజమే. అయినా నుదురు నేలకి ఆనించాలన్న తమన్నా పోదు కదా! ఈ ఆరామ్ ఎక్స్‌రేలో పడదు. మరీజ్ నోటితో చెబితేనే తెలుస్తుంది.

దీన్ని కొలిచే సవాల్‌నామాలు లేకపోలేదు. మోకాళ్ల దర్ద్‌కి దునియా అంతా వాడేది వోమాక్. 1980లలో కెనడాలో తయారైంది, 24 సవాళ్లు. కారు ఎక్కి దిగగలరా, సాక్సులు వేసుకోగలరా, స్నానం తొట్టిలోకి దిగగలరా అని అడుగుతుంది. మా నానీమా జిందగీలో సాక్సులు వేసుకోలేదు, తొట్టి ఎరగదు. ఆమె రోజంతా నేల మీదే. పొయ్యి ముందు కూర్చోవడం, జానమాజ్ మీద కూర్చోవడం. ఆ కాగజ్ మీద ఆమె తక్లీఫ్‌కి చోటేది? పుణెలోని సెంటర్ ఫర్ రుమాటిక్ డిసీజెస్ వాళ్లు ఈ సంగతి పట్టుకున్నారు. వోమాక్‌ని మన జీవనానికి తగ్గట్టు మార్చి, ఆయుర్వేద మందుల పరీక్షల్లో వాడారు.

నాకు మరీ నచ్చింది షార్లెట్ పాటర్సన్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1996లో బయటపెట్టిన మైమాప్. అందులో తక్లీఫ్ పేరు మరీజే రాస్తారు. ఆ తక్లీఫ్ వల్ల చేయలేకపోతున్న పని కూడా వాళ్లే ఎంచుకుంటారు. వాటికీ, మొత్తం మీద తబియత్‌కీ సున్నా నుంచి ఆరు దాకా నంబరు వేస్తారు. ఆరు అంటే ఇంతకన్నా ఖరాబు లేదని. కొన్ని వారాల తర్వాత మళ్లీ అవే అడుగుతారు. మా నానీమా అయితే పని దగ్గర "సజ్దా" అని రాయించేది.

ఒక షర్త్ ఉంది. నంబరు ఆరు నుంచి మూడుకి దిగితే దవా పనిచేసినట్టేనా? దర్ద్ బాగా ముదిరినప్పుడే మనం హకీం దగ్గరికి పరిగెత్తుతాం. ఆ తర్వాత కొంత దానంతటదే తగ్గుతుంది. నబ్జ్ పట్టుకుని నిదానంగా మాట విన్నందుకు కూడా కొంత తగ్గుతుంది. అది నకిలీ ఆరామ్ అని నేననను, కానీ దాన్ని గోలీ ఖాతాలో వేయడం ఇన్సాఫ్ కాదు. వెయ్యేళ్ల పైమాటే, అల్ రాజీ మెదడు వాపు లక్షణాలున్న ఒక గుంపుకి రక్తం తీసి, ఇంకో గుంపుకి కావాలనే తీయకుండా వదిలి చూశానని రాశాడు. మరీజ్‌ల హాల్ కూడా రాసి పెట్టుకున్నాడు. ఆయన కితాబుల్ హావీని 1955 నుంచి సంపుటాలుగా అరబీలో అచ్చేసింది ఎవరో కాదు, మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్. ఆయన పేరు చెప్పుకుని ఫఖ్ర్ పడే మనం ఆ రాసుకునే అలవాటు మాత్రం మతబ్‌లలోకి తెచ్చుకోలేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు తెలిసిన ముగ్గురు ఖాలాలని మైమాప్ సవాలే అడిగాను, నంబర్లు లేకుండా. ఏ పని చేయలేకపోతున్నారు అని. ఒకామె సజ్దా అంది. ఇంకొకామె ట్యాంకర్ దగ్గర బిందె ఎత్తడం అంది. మూడో ఆమె చాలాసేపు ఆలోచించి, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అంది.