చిరునామా లేనివాళ్ల దాహం



ఈసారి దూరాన ఉన్న ఒక జనం చరిత్ర చెప్పదలిచాము. దూరం అంటున్నాము గాని, నీళ్లదారిన చూస్తే వాళ్లు మనకు చుట్టాలే. మన జిల్లాలో కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి, పోచంపాడు డ్యాము దాటి, ధర్మపురి, మంథని, ఏటూరునాగారం మీదుగా భద్రాచలం పోతుంది. ఆ కింది గోదావరి అడవుల్లో ఇరవై ఏండ్లుగా గుత్తికోయలనే జనం ఉంటున్నారు. ఆ పేరు ఇక్కడివాళ్లు పెట్టింది. ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వచ్చిన మురియా గిరిజనులు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కొందరైతే, ప్రాణం దక్కించుకోవడానికి వచ్చినవాళ్లు చాలామంది.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో నడిచిన దండు అది. జుడుం వైపు రానివాళ్లను మావోయిస్టుల మనుషులన్నారు. జుడుం వైపు పోయినవాళ్లను మావోయిస్టులు ద్రోహులన్నారు. నడుమ ఊళ్లు కాలిపోయాయి. ఖాళీ అయిన ఊళ్లు 600 దాటాయని లెక్క. దాదాపు 50,000 మందిని రోడ్ల పక్కన సర్కారు శిబిరాల్లో పెట్టారు. శిబిరానికీ పోలేక, అడవిలోనూ ఉండలేక పదుల వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. మిర్చి ఏరడానికి ఏటా వచ్చిపోయే దారి కొందరికి ముందే తెలుసు. కూలికి నడిచిన ఆ దారినే ఈసారి పిల్లలను చంకనేసుకొని నడిచారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం, గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చేనాటికి పారిపోయినవాళ్ల పిల్లలు ఇక్కడి అడవుల్లో ఆరేండ్లవాళ్లయ్యారు.

ప్రియులారా, యుద్ధం నుంచి పారిపోయినవాళ్లను తుపాకే చంపుతుందని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే, తుపాకీ నుంచి తప్పించుకున్న తరువాత నీళ్లు చంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. రెండు సంగతులు చెబుతాము.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు దాదాపు కోటిమంది మన దేశంలోకి వచ్చారు. బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గరి శిబిరాల్లో గత్తర లేచింది. మన పెద్దవాళ్లకు గత్తర అంటే ఏమిటో చెప్పక్కరలేదు. ఆసుపత్రిలో రోగులు నేలమీదనే పడి ఉన్నారు, ఎక్కించే సెలైను సీసాలు అయిపోతున్నాయి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు నీళ్లలో ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపించి, ఆ నీళ్లను రోగి పక్కన కూర్చున్న తల్లిచేత, అన్నచేత తాగించాడు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్నచోట, ఆయన దగ్గర నూటికి నలుగురి లోపుకు తగ్గింది. మన అంగన్‌వాడీలో ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం విలువ లోకానికి తెలిసింది ఆ శరణార్థి శిబిరంలోనే. 2022లో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లు తోలినవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. మీరు పండించిన చక్కెర చాయకే కాదు, ప్రాణానికీ పనికొస్తుంది. పొట్లం దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే చాలు.

రెండోది 1994 జూలై. రువాండా నుంచి లక్షలమంది కొద్ది రోజుల్లోనే అప్పటి జైరేలోని గోమా ఊరికి చేరారు. అక్కడి నేల గట్టిపడిన లావారాయి. మరుగుదొడ్డికి గుంత తవ్వుదామంటే గడ్డపార దిగదు. బావి తవ్వుదామన్నా అంతే. అందరూ చెరువు నీళ్లే తాగారు. గత్తర, రక్తవిరేచనాలతో ఒక్క నెలలోనే దాదాపు 50,000 మంది పోయారు. సహాయ సంస్థలు చాలా వచ్చాయి, కాని ఎంత ఇస్తే చాలునన్న కొలత ఎవరికీ లేదు. ఆ దుఃఖంలోంచి 1997లో స్ఫియర్ ప్రమాణాల పని మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, అంటే మన ఇంటి స్టీలు బిందె ఇంచుమించు ఒకటి. తాగను, వండను, కడుక్కోను అన్నీ అందులోనే. నీళ్లు తెచ్చుకునేచోటు 500 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. ఒక బోరింగుకు 500 మందికి మించకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి.

మరుగుదొడ్డి మాట దేవుని సేవకుని నోట ఎందుకని ఎవరైనా అనుకుంటే ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము తీయండి. ఐగుప్తు వదిలి అరణ్యంలో గుడారాలు వేసుకున్న జనానికి, పాళెము వెలుపల చోటు చూసుకొమ్మని, గుంత తవ్వే పనిముట్టు వెంట ఉంచుకొమ్మని, తరువాత మట్టి కప్పమని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. దేవుడు ఆ పాళెములో సంచరిస్తాడు గనుక అది శుభ్రంగా ఉండాలన్నది అక్కడ చెప్పిన కారణం. వలసపోయిన జనం మధ్య నడిచే దేవుడు వాళ్ల గుంతల సంగతి కూడా పట్టించుకున్నాడు.

తిండి సంగతీ నీళ్లతో ముడిపడిందే. పిల్లవాడికి మాటిమాటికీ విరేచనాలైతే పెట్టిన బువ్వ ఒంటబట్టదు. ఒంట్లో సత్తువ లేకుంటే మళ్లీ రోగమొస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేండ్ల లోపు పిల్లల రెట్టకు ఒక రంగుల టేపు చుట్టి చూస్తారు. కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం. వెంటనే వైద్యం, బలమైన తిండి కావాలి. మన ఊళ్లో అయితే అంగన్‌వాడీ టీచరు పేరు రాసుకొని బాలామృతం ఇస్తుంది. పేరు రాసుకోవడానికి ఊరే లేని పిల్లవాడి మాటేమిటి?

ఇక్కడే గుత్తికోయల కథ గోమా కథకు వేరుగా నడుస్తుంది. వాళ్లు ఒక పెద్ద శిబిరంలో లేరు. అడవి లోపల వాగుల పక్కన చిన్న చిన్న గుంపులుగా గుడిసెలు వేసుకున్నారు. వాగు పారినన్నాళ్లు వాగు నీళ్లు, ఎండాకాలంలో ఇసుకలో చెలమ తోడి ఊరిన నీళ్లు. పశువులు దిగేది, బట్టలు ఉతికేది, తాగేది ఒకేచోట. సరిహద్దులు లేని వైద్యులుగా పేరున్న ఎంఎస్‌ఎఫ్ సంస్థ 2006 నుంచి ఆ సరిహద్దు ప్రాంతంలో సంచార వైద్యం చేసింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలు నీళ్లకు, పిల్లల తిండికి, బడులకు పనిచేశాయి. కొన్ని గూడేలకు సర్కారు రేషన్ కార్డులు, ఉపాధి హామీ కార్డులు ఇచ్చింది. మేలు చేసినవాళ్లను మరువకూడదు.

కాని అత్యవసర సహాయం కొన్ని నెలలకోసం ఏర్పడింది. ఇరవై ఏండ్లు నిలిచే నీళ్లకు బోరు కావాలి, బోరు వేయడానికి నేల మీద అనుమతి కావాలి. వాళ్లున్నది రిజర్వు ఫారెస్టు. అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13 కంటే ముందునుంచి ఆ భూమిలో ఉండాలి. జుడుం మొదలైంది అదే ఏడు జూన్‌లో, చాలామంది వచ్చింది ఆ తేదీ తరువాతే. పైగా షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైన మురియా మనిషి సరిహద్దు దాటగానే కాగితం మీద గిరిజనుడు కాకుండా పోయాడు. అదే చట్టంలోని 3(2) సెక్షను తాగునీళ్లకు, అంగన్‌వాడీకి, బడికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చు అంటుంది. అయితే సర్కారు ఊరిగా ఒప్పుకోని గూడేనికి గ్రామసభ ఎక్కడిది? 1998 నాటి ఐక్యరాజ్య సమితి మార్గదర్శక సూత్రాలు స్వదేశంలోనే నిరాశ్రయులైనవారికి తిండి, మంచినీళ్లు, పారిశుద్ధ్యం ఇచ్చి తీరాలంటాయి. యుద్ధంతో చెదిరిన స్వదేశీయుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు.

2014లో రాష్ట్రం విడిపోయి, చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక, వాళ్ల సంగతి రెండు రాష్ట్రాల మధ్య పడింది. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చారు. అవతలి వైపు బాధ కూడా చెప్పడం ధర్మం. అడవి నరికి పోడు కొడితే అటవీశాఖకు, ముందునుంచి ఆ అడవిమీద బతుకుతున్న స్థానిక కోయలకు నష్టమే. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారిని నరికి చంపారు. ఆ కుటుంబం కన్నీళ్లు కూడా కన్నీళ్లే. నేరం చేసినవాళ్లకు కోర్టు శిక్ష వేస్తుంది, వేయాలి. కాని నేరం చేయని పసిపిల్ల తాగే నీళ్లకు ఆ గొడవతో ముడిపెట్టవచ్చా? మేము అడిగేది అదొక్కటే.

ఆదికాండము 26లో ఇస్సాకు బావుల కథ చదవండి. గెరారు నుంచి వెళ్లగొట్టబడినవాడు అతను. తండ్రి తవ్విన బావులను మట్టితో పూడ్చారు. మళ్లీ తవ్వితే కాపరులు నీళ్లు తమవని జగడమాడారు. రెండు బావులు పోయాయి, వాటికి జగడం, విరోధం అని పేర్లు మిగిలాయి. మూడోదానికి ఎవరూ అడ్డురాలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టాడు, అంటే చోటు. గమనించండి, నీళ్లు మూడు బావుల్లోనూ పడ్డాయి. మూడోచోట కొత్తగా దొరికింది ఉండనిచ్చే మనసు. బోరు బండి నీళ్లు తీయగలదు, ఆ చోటు మాత్రం పొరుగువాళ్లే ఇవ్వాలి.

మోర్తాడ్ చుట్టుపక్కల ఉన్న మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. 1947-48లో రజాకార్ల భయానికి హైదరాబాద్ సంస్థానం ఊళ్లనుంచి ఎందరో సరిహద్దు దాటి యూనియన్ ప్రాంతాల్లో తలదాచుకున్నారు. 1963లో నెహ్రూ పోచంపాడుకు పునాదిరాయి వేశాక గోదావరి ఒడ్డు ఊళ్లు మునిగి, జనం మరోచోట ఇండ్లు కట్టుకున్నారు. నేడు వీసా పోయి, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండిపోయి, గల్ఫ్‌లో ఖల్లివల్లి అయిన కొడుకు ఉన్న ఇంటిని అడగండి. కాగితం లేని మనిషికి ఎవరో అన్నం పెట్టి, బాటిల్ నీళ్లిస్తే, ఆ కబురు ఫోన్లో విన్న తల్లి ఇక్కడ ఎంత ఏడ్చి దేవుని స్తుతిస్తుందో మనకు తెలుసు.

అందుకని సంఘానికి మా మనవి రెండు మాటలు. మన పొలాల్లో పసుపు తవ్వడానికో, ఇటుక బట్టీలోనో పరాయి భాష మాట్లాడే కుటుంబం దిగితే, ఎక్కడినుంచి వచ్చారని అడిగే ముందు నీళ్లు ఎక్కడ పట్టుకుంటున్నారో, ఆడవాళ్లు బయటికి ఎక్కడికి పోతున్నారో చూడండి. వాళ్ల పిల్లలను అంగన్‌వాడీకి తీసుకుపోయి టీచరమ్మతో మాట్లాడండి. కాగితాల పని తరువాత చేసుకోవచ్చు.

ఇంటినుంచి వెళ్లగొట్టబడిన హాగరు తిత్తిలో నీళ్లు అయిపోయి, బిడ్డను పొద కింద పడుకోబెట్టి దూరంగా కూర్చుని ఏడ్చినప్పుడు, దేవుడు ఆమె కన్నులు తెరిచాడు, ఆమెకు నీళ్ల ఊట కనబడింది. గోదావరి కింది అడవుల్లో చెలమ దగ్గర బిందె పట్టుకొని నిలబడ్డ తల్లికి ఆ ఊట కనబడును గాక. చూపించే చేతులుగా ప్రభువు మనలను వాడుకొనును గాక. ఆమేన్.