పోలింగ్ రోజు జీతంతో సెలవు: ఐటీ కారిడార్‌లో ఎవరెవరికి?

తెలంగాణలో అత్యధిక ఓటర్లున్న అసెంబ్లీ నియోజకవర్గం శేరిలింగంపల్లి. 2023 నాటికే ఇక్కడి ఓటర్లు 7 లక్షలు దాటారు. మాదాపూర్, గచ్చిబౌలి, హైటెక్ సిటీ ఆఫీసులూ ఈ పరిధిలోనే ఉన్నాయి. పోలింగ్ రోజు సెలవు ఉందా లేదా అన్న ప్రశ్న ప్రతి ఎన్నికకూ ఇక్కడ వస్తూనే ఉంటుంది.

ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 135బి సెక్షన్‌ను 1996లో చేర్చారు. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో ఓటున్న ఉద్యోగికి పోలింగ్ రోజు సెలవు ఇవ్వాలి, ఆ రోజు జీతం కోయకూడదు. ఇది కంపెనీ దయతో ఇచ్చే సెలవు కాదు. కాబట్టి క్యాజువల్ లీవ్‌లోంచి తీసేయడం, ఇంటి నుంచి పని చేయమనడం సెలవు ఇచ్చినట్టు కాదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకే అనుకుంటే పొరపాటు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ పనివాళ్లకూ, రోజుకూలీలకూ ఇదే వర్తిస్తుంది. నిజానికి సెలవు గురించి అడగలేనిది వీళ్లే. ఏజెన్సీ సూపర్‌వైజర్ "రాకపోతే ఆబ్సెంట్" అంటే చాలామంది ఓటు వదిలేసుకుంటారు.

ఓటు ఒకచోట, ఉద్యోగం ఇంకోచోట ఉన్నా హక్కు పోదని ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. షేక్‌పేట, బోరబండలో ఓటుండి హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు, ఆఫీసు నియోజకవర్గం బయట ఉన్నా, ఆ రోజు సెలవు వర్తించింది. 2024 మే 13న తెలంగాణతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్ జరిగింది. కర్నూలు, గుంటూరుల్లో ఓటున్నవాళ్లకూ అంతే.

మినహాయింపు ఒకటే: ఉద్యోగి లేకపోతే ఆ పనిలో ప్రమాదం గానీ భారీ నష్టం గానీ జరిగే చోట. కంపెనీలు పట్టుకునేదీ దీన్నే.

2018, 2019 ఎన్నికల్లో కొన్ని కంపెనీలు సెలవు ఇవ్వలేదని ఫిర్యాదులొచ్చాయి. దాంతో 2023 నవంబర్ 30 పోలింగ్‌కు ముందు రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వికాస్ రాజ్ దీనిపై కార్మిక శాఖను అప్రమత్తం చేశారు. అసలు లోపం జరిమానాలో ఉంది. సెలవు ఇవ్వని యజమానికి పడేది గరిష్ఠంగా రూ. 500. ఈ కారిడార్‌లో ఒక పూట భోజనం బిల్లు అంతుంటుంది!

సెలవు నిరాకరిస్తే ఆ మాట మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాయించుకోవాలి. అది చూపించి కార్మిక శాఖ కార్యాలయంలో గానీ, ఓటరు హెల్ప్‌లైన్ 1950కి గానీ పోలింగ్‌కు ముందే ఫిర్యాదు చేయవచ్చు.