పరాజయానంతరము: 1931 నాఁటి బ్రిటిషు ఎన్నిక

1931 వ సంవత్సరము అక్టోబరు 27 వ తేదీన బ్రిటనులో జరిగిన సార్వత్రికపు టెన్నికను గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. ఆ వ్రాఁతలలో మంత్రివర్గము కూలిన విధమును, నాయకుల పరస్పరదూషణములును ప్రధానములు. ఓడిన పక్షమునకు ఓటు వేసి, మఱునాఁడు పత్రికలో ఫలితములు చదివికొని, పిదప నేమి చేయవలయునో తెలియక నిలిచిన సామాన్యుల చరిత్రము మాత్రము పుటల యంచులకే పరిమితమైనది. ఈ వ్యాసమున నా విషయమునే కొంత పరిశీలింపఁ దలఁచితిని.

ముందుగా నంకెలను జూతము. 1929 మే నెల యెన్నికలో శ్రామికపక్షమునకు, అనఁగా లేబరు పార్టీకి, రమారమి 83 లక్షల 70 వేల ఓట్లును 287 స్థానములును వచ్చెను. సభలోని స్థానములు 615 గనుక నది సంపూర్ణాధిక్యము గాదు. అయినను లిబరలు పక్షపు సహనముమీఁద ఆధారపడి రామ్సే మాక్డొనాల్డు ప్రధానమంత్రి యయ్యెను. ఆ యేఁడు గడవకమున్నే అమెరికాలో వాణిజ్యపతన మారంభమై, 1931 నాఁటికి బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య 27 లక్షలకుఁ జేరెను. ఆయవ్యయములకు సమత్వము గల్పింప నిరుద్యోగభృతిని నూటికిఁ బది వంతునఁ దగ్గింపవలయునా యను ప్రశ్నపై ఆగస్టు 23 వ తేదీన మంత్రివర్గము రెండుగాఁ జీలెను. మఱునాఁడే మాక్డొనాల్డు తనవారిలోఁ గొద్దిమందిని వెంటఁ గొని కన్సర్వేటివులతోను లిబరలులతోను గలిసి 'జాతీయప్రభుత్వము'ను స్థాపించెను. రెండునెలలకు వచ్చిన యెన్నికలో శ్రామికపక్షమున కించుమించు 66 లక్షల 50 వేల ఓట్లు వచ్చినవి, స్థానములు 52. ప్రభుత్వపక్షములవారికి 554.

ఈ రెండు లెక్కలను గలిపి చదువుట యవసరము. ఓట్లలో నైదవవంతు గోల్పోయిన పక్షము స్థానములలో నైదవవంతైనను నిలుపుకొనఁజాలకపోయెను. 1929 లో ననేక నియోజకవర్గములందు ముక్కోణపు పోటీ జరిగినది. 1931 లో నెదిరిపక్షములవారు చాలచోట్ల నొకరికొకరు దారి విడిచిరి. పోటీ ముఖాముఖి యైనది. ఎన్నికపద్ధతియే యోటమిని గొండంతలు చేసి చూపినది. పక్షనాయకుఁడైన ఆర్థర్ హెండర్సను బర్న్లీలో నోడెను. వెనుకటి మంత్రివర్గసభ్యులలో వృద్ధుఁడైన జార్జి లాన్స్‌బరీ యొక్కఁడే శ్రామికపక్షమున మిగిలెను. క్లెమెంట్ అట్లీ 551 ఓట్ల యాధిక్యముతోను, స్టాఫర్డు క్రిప్సు 429 ఓట్ల యాధిక్యముతోను బయటపడిరి. అయినను నగరముల నెక్కడఁ జూచినను శ్రామికపక్షపు ఓటరులు లక్షలుగా నుండిరి. దక్షిణవేల్సు గనులప్రాంతమున నియోజకవర్గములకు నియోజకవర్గములే చెదరక నిలిచెను. స్థానములలోఁ దుడిచిపెట్టఁబడినవారు ఓట్లలో ముప్పదివంతులు దాటియుండిరి. ఈ వ్యత్యాసమును గ్రహించినవాఁడు నిరాశపడఁడు. గ్రహింపనివాఁడు తన యూరిలోఁ దా నొక్కఁడనే యనుకొనును.

ఓటమికి వెనుక భయమొకటి పనిచేసినది. రెండేండ్లు శ్రామికప్రభుత్వమున ఆర్థికమంత్రిగా నున్న ఫిలిప్ స్నోడెనే అక్టోబరు 17 వ తేదీన రేడియోలో మాటలాడి, తన పూర్వమిత్రుల కార్యక్రమము ఉన్మాదమని నిందించెను. తపాలా కచేరి పొదుపుసొమ్ము నిరుద్యోగనిధికి బదులుపోయినదని మఱొకరు చెప్పిరి. నాలుగు పౌనులు దాఁచుకొన్న కూలివాఁడు బెదరెను. బెదరి వేసిన యోటునకు ఫలమును వాఁడు త్వరలోనే చూచెను. వయోజనుఁడగు నిరుద్యోగి భృతి వారమునకు 17 షిల్లింగులనుండి 15 షిల్లింగుల 3 పెన్నీలకు దిగినది. చాలకాలము పనిలేనివారి యిండ్లకు విచారణాధికారులు వచ్చి, కొడుకు సంపాదన యెంత, కూఁతురు సంపాదన యెంత, అమ్మఁదగిన సామానేమి యని ప్రశ్నించి భృతిని దగ్గించు పద్ధతి ఆ నవంబరులోనే యమలునకు వచ్చెను. తండ్రి కొడుకు కూలిపైఁ బ్రదుకవలసివచ్చుటయు, కొడుకు వేఱిల్లు చూచుకొనుటయు నా దినములలో సామాన్యమయ్యెను. ఓటమిని గూర్చిన చర్చ పండితులకు వినోదముగాని, ఆ యిండ్లవారికిఁ గాదు.

ఓడినవారిలో మొదట వినవచ్చిన మాట 'ద్రోహము'. మాక్డొనాల్డు మనల నమ్మించి ముంచెనని ప్రతిశాఖలోను జెప్పుకొనిరి. అంతకు మున్ను గోడలపైఁ బూజలందుకొన్న యతని చిత్రపటములను దించివేసిరి. ఈ మాట యసత్యము గాదు. కాని కర్మణిప్రయోగమున నొక సుఖము గలదు: 'ఓడింపఁబడితిమి' అన్నప్పుడు కర్త వేఱొకఁడు. 1932 లో ఆర్. హెచ్. టానీ యను చరిత్రాచార్యుఁడు 'పొలిటికల్ క్వార్టర్లీ' పత్రికలో వ్రాసిన వ్యాసమున నీ యూఱటను హరించెను. దోషము ముఖ్యముగా పక్షమునందే కలదనియు, తన యాశయములలో నేది ముందో యేది వెనుకో తేల్చుకొనక అందఱికి నన్నియు వాగ్దానము చేసినదనియు, ప్రజలకు లాభములను జూపుటకు బదులు దీర్ఘప్రయత్నమునకు వారిని సిద్ధపఱుపవలసినదనియు నాతని వాదము. తన పక్షమువారిచేతఁ జదివింపఁ దలఁచి యింత నిష్ఠురముగా వ్రాసినవారు తక్కువ.

ఇచట వ్యాకరణవిషయ మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. పాఠకులు క్షమింతురు గాక. పరా అను నుపసర్గతోఁ గూడిన జి ధాతువునకు సహింపరాని వస్తువు అపాదానమగునని పాణిని విధించెను. అధ్యయనమునుండి పరాజయమొందుచున్నాఁడనుట వృత్తికారుల యుదాహరణము. అనఁగా వాఁడు చదువునకు నోర్వలేక వెనుదీయుచున్నాఁడని భావము. శత్రువులను జయించుట యను నర్థమునందో, యది ద్వితీయాంతమగును. సూత్రమునకు విషయము గాదు. కాఁబట్టి పరాజయము రెండువిధములు: ఒకటి పరులు మనకుఁ గలిగించునది, రెండవది మన పనికి మనమే యోర్వలేకపోవుట. 1931 అక్టోబరులో శ్రామికపక్షమునకు మొదటిది సంభవించెను. రెండవది సంభవించెనా లేదా యనుటయే విచార్యము.

కొందఱికి సంభవించెను. స్వతంత్ర శ్రామికపక్షము, అనఁగా ఐ. ఎల్. పి., పెద్దపక్షముతోడి పొత్తు మేలు సేయదని, 1932 జులైలో బ్రాడ్‌ఫర్డు మహాసభయందు వేఱుపడెను. జేమ్సు మాక్స్‌టను వంటి నిష్కళంకుఁడు నాయకుఁడుగా నున్నను, నాఁడు 16 వేలకు మించిన సభ్యులు 1935 నాఁటి కైదువేలకు లోఁబడిరి. శుద్ధిని గోరి గడపదాఁటినవారికి వెలుపల జనమే లేకపోయెను. ఆస్వాల్డు మోస్లీ కథ వేఱు. అతఁడు శ్రామికప్రభుత్వమునుండి 1930 లోనే విడివడి, 1931 ఎన్నికలో నొక్కస్థానమునైన గెలువఁజాలక, మఱుసటి యేఁడు ఫాసిస్టు సంఘమును స్థాపించెను. అతనితోఁ గొంతదూరము నడచిన జాన్ స్ట్రేచీ విఱిగి మార్క్సుమతము నాశ్రయించెను. ఒకే గాయము మనుష్యుల నెన్ని దిక్కులకుఁ బఱపునో యీ యిరువురే సాక్షులు.

ఇఁక నెక్కువమంది చేసినది పత్రికల కెక్కలేదు. పక్షములో వ్యక్తిగతముగా రుసుము చెల్లించి చేరినవారు 1931 లో రమారమి 2 లక్షల 97 వేలు. 1932 లో 3 లక్షల 71 వేలు. గెలుపువెంటఁ జనము చేరుట లోకరీతి. ఘోరముగా నోడిన పిదప నేఁడాదిలో డెబ్బదివేలకుఁ బైగా పెరుగుట నాకు మిక్కిలి ముఖ్యముగాఁ దోఁచుచున్నది. ఎన్నికనాఁడు ఓటు వేసి యింటికిఁ బోవువారు, ఓటమి యైనపిమ్మట నెల నెల రుసుము కట్టి సమావేశమునకు వచ్చువారైరి. తెలియని గుమ్మములు తట్టుట, ఓటరు పట్టికలు సరిచూచుట, చలిలోఁ గరపత్రములు పంచుట వారి పని.

దీని ఫలము తొలుత స్థానికసభలలోఁ గనఁబడెను. హాక్నీలో నోడిన హెర్బర్టు మారిసను లండనునగర కౌంటీసభపై దృష్టి నిలిపెను. 1934 మార్చిలో నక్కడ శ్రామికపక్షమునకు 69 స్థానములును, ప్రతిపక్షమునకు 55 స్థానములును వచ్చెను. ఆ యధికారమును వారు 1965 లో నా సభయే రద్దగువఱకు విడువలేదు. మురికివాడల నిర్మూలనము, నగరముచుట్టును బచ్చికబయళ్లు కాపాడుటకు 1935 లోఁ గేటాయించిన 20 లక్షల పౌనులు మొదలగునవి వారి కార్యములు. ఆ 1934 లోనే సెయింట్ పాంక్రస్ పురసభకు శ్రామికపక్షమున నెన్నికైనవారిలో మన వి. కె. కృష్ణమీనన్ ఒకఁడు. పార్లమెంటులో నోడినవాఁడు పురసభ మెట్లెక్కుట తగ్గుపాటని మనలోఁ గొందఱు తలఁతురు. అచట నది పాఠశాల యయ్యెను.

చదువును సాగినది. 1936 మేలో విక్టర్ గొలాంజ్ స్థాపించిన 'లెఫ్ట్ బుక్ క్లబ్' నెల కొక పుస్తకమును జౌకవెలకు సభ్యుల కందించుచు, 1939 నాఁటికి 57 వేలమందిని జేర్చుకొనెను. ఊరూరను జర్చాగోష్ఠులు వెలసినవి. దానిపైఁ గమ్యూనిస్టుల ప్రభావము ప్రబలమని శ్రామికపక్షనాయకులు ముఖము చిట్లించుకొనిరి; ఆ యాక్షేపణ నిరాధారము గాదు. అయినను రాత్రిపూఁట దీపము ముందు పుస్తకము విప్పినవారు పాణిని చెప్పిన యర్థమునఁ బరాజితులు గారు.

ఇంతమాత్రముచేత విజయము వెంటనే వచ్చెనని చెప్పరాదు. 1933 అక్టోబరులో ఈస్టు ఫులాం ఉపయెన్నికలో 14 వేలకు మించిన కన్సర్వేటివు ఆధిక్యము తలక్రిందులై, శ్రామికపక్షము 4,840 ఓట్లతో గెలిచినప్పుడు పలువురు పొంగిపోయిరి. శాంతికాంక్ష గెలిపించెనని కొందఱు, అద్దెయిండ్ల బాధయు భృతి విచారణయు గెలిపించినవని కొందఱు వాదించిరి. నాకు రెండవదే బలవత్తరము. కాని 1935 సార్వత్రికపు టెన్నికలో ఓట్లు 83 లక్షలకు మరల వచ్చినను స్థానములు 154 మాత్రమే. పోయిన ఓటరులలో సంఖ్యకు సరిపడువారు తిరిగివచ్చిరి, అధికారము రాలేదు. సీహామ్‌లో మాక్డొనాల్డు 20 వేలకుఁ బైగా ఓట్లతో నోడెననునది తృప్తియేకాని ఫలము గాదు. 1945 లో 393 స్థానములు వచ్చుటకు యుద్ధమును, 1940 మే నుండి కూటమి ప్రభుత్వములో వారు చేసిన పనియు, 1942 నాఁటి బెవరిడ్జి నివేదికయుఁ గారణములు. శాఖాసమావేశములే యంతయుఁ జేసినవనుట యతిశయోక్తి. కాని యా కాలము వచ్చునప్పటికి నిలిచియున్న శాఖలు లేకున్నచో నా యోట్ల నెవరు గూర్చియుందురు?

ఈ చరిత్రము మనకుఁ బరాయిది గాదు. ఆ యెన్నిక జరుగుచుండఁగా గాంధీమహాత్ముఁడు రెండవ రౌండుటేబిలు సమావేశమునకై లండనులోనుండి, తూర్పు లండను బీదలవాడలోని కింగ్స్‌లీ హాలులో బసచేసియుండెను. ఆ యాగస్టువఱకు ఇండియామంత్రిగా నున్న వెడ్జ్‌వుడ్ బెన్ను అక్టోబరు ఎన్నికలో నబర్డీనులో నోడెను. సమావేశము ముగియకముందే మన వ్యవహారము కన్సర్వేటివు హస్తములలోఁ బడెను. 1935 నాఁటి ఇండియా చట్టము చాలదని సభలో నట్లీ వాదించినను, కొద్దిమందితో నేమి సాధింపఁగలఁడు? పదునేనేండ్లకుఁ బిదప, 1946 మార్చిలో, స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడుటకు ముగ్గురు మంత్రులు ఢిల్లీకి వచ్చిరి. వారిలోఁ బెథిక్ లారెన్సు 1931 లో లీస్టరులో నోడినవాఁడు. ఎ. వి. అలెగ్జాండరు షెఫీల్డులో నోడినవాఁడు. మూఁడవవాఁడు 429 ఓట్లతో మిగిలిన స్టాఫర్డు క్రిప్సు.